పరగడుపు బిళ్ళ, దాని పక్కబిళ్ళలు

మార్కాపురం, కంభం, గిద్దలూరు, కనిగిరి... పడమటి ప్రకాశంలో ఏ ఊరి మెడికల్ షాపు ముందైనా కాసేపు నిలబడండి. "గ్యాస్ బిళ్ళలు ఒక షీటు ఇవ్వన్నా" అనే మాట వినపడకపోతే ఆశ్చర్యపోవాలి. అడిగేవాళ్ళలో చాలామంది చేతిలో చీటీ ఉండదు. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, రాత్రి నడుం వాల్చగానే గొంతులోకి ఎగదన్నే పులుపు, అన్నిటికీ ఆ పసుప్పచ్చ కోలబిళ్ళే. దాని పేరు పాంటోప్రజోల్, 40 మిల్లీగ్రాములు. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు దాంతోపాటు ఇంకో రెండు చేతిలో పడతాయి: ఒక బలం బిళ్ళ, ఒక క్యాల్షియం బిళ్ళ. చీరాల నేత మీద, మార్కాపురం పలకల మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి గానీ, ఇంతమంది రోజూ నిద్ర కళ్ళతో మింగే ఈ వస్తువు పనితనం మీద రాసినవాళ్ళు తక్కువ. రాయాల్సినంత పనితనం అందులో ఉంది. అది తెలిస్తే పక్కబిళ్ళలను ఎలా ఎంచుకోవాలో, అసలు ఎంచుకోవాలో వద్దో కూడా తెలిసొస్తుంది.

ఒక బిళ్ళను కొత్త బ్లేడుతో అడ్డంగా కోయండి. మింగడానికి కాదు, చూడటానికే. భూతద్దం కింద పెడితే నడుమ తెల్లటి ముద్ద, దాని చుట్టూ కంటికి ఆనీ ఆనని పల్చటి పొర, ఆ పైన పసుపు పొర. ముద్దలో మందుతోపాటు సోడియం కార్బొనేట్ లాంటి క్షారం కలిపి ఉంటుంది. ఎందుకంటే ఈ జాతి మందులకు యాసిడ్ గిట్టదు. పాంటోప్రజోల్ కంటే ముందొచ్చిన ఒమెప్రజోల్‌ను కడుపులో ఉండేలాంటి యాసిడ్‌లో వేస్తే, పది నిమిషాలు తిరక్కుండానే సగం విరిగిపోతుంది, రంగు కూడా మారుతుంది. యాసిడ్ రోగానికి ఇచ్చే మందు యాసిడ్‌లోనే చచ్చిపోతే ఎలా? కాబట్టి పైన యాసిడ్‌కు కరగని తొడుగు వేయాలి. ఆ తొడుగుకు ఎక్కువగా వాడేది మెథాక్రిలిక్ యాసిడ్ పాలిమర్. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. తొడుగు తనే ఒక యాసిడ్. కడుపు నుంచి కాపాడటానికి కప్పిన కోటే లోపలి మందును మెల్లగా కొరికేస్తుంది. అందుకని ఇద్దరికీ మధ్య, ఒకరినొకరు తాకకుండా, ఆ కనపడీ కనపడని పొర. పని మొత్తంలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇదే. కాపలావాడి మీద ఇంకో కాపలా పెట్టాలని ఎవరికో తట్టింది చూడండి.

ఆ ఊహ విలువెంతో కోర్టులు కూడా తేల్చాయి. ఒమెప్రజోల్ స్వీడన్‌లో ఆస్ట్రా కంపెనీ వాళ్ళు తయారుచేసి 1988లో బజారులోకి తెచ్చిన మందు. అసలు మందు మీద పేటెంట్ గడువు తీరిపోయాక కూడా, ఈ నడిమి పొర మీది పేటెంట్లను పట్టుకుని న్యూయార్క్ కోర్టులో ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచింది. 2002లో తీర్పు వచ్చింది. ఆ వ్యాజ్యంలో ఎదురు పక్షాల్లో ఒకటి మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌కు చెందిన చెమినార్. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి 1984లో పెట్టిన ఆ కంపెనీకి దేశంలో ఇంటింటి పేరు తెచ్చింది కూడా ఒమెప్రజోలే. 'ఒమెజ్' అన్న ఆ పేరును మన పల్లెల్లో ఇప్పటికీ మందు పేరుగానే వాడతారు. పాంటోప్రజోల్ జర్మనీలో పుట్టింది, 1994లో వచ్చింది. ఇప్పుడు మన షాపుల్లో ఎక్కువ నడిచేది అదే.

పైపొర పనిచేసే తీరు ఇంట్లోనే చూడొచ్చు. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో వడకట్టిన నిమ్మరసం, ఇంకోదాంట్లో చెంచాడు వంటసోడా కలిపిన నీళ్ళు. చెరో బిళ్ళ వేయండి. నిమ్మరసంలోది వేసినట్టే ఉంటుంది. సోడానీళ్ళలోది కాసేపటికి మెరుపు పోయి, పసుపు తొడుగు మెత్తబడి, పగిలి, లోపలి తెలుపు బయటపడుతుంది. యాసిడ్ ఉన్నచోట ఆ పాలిమర్ బిగుసుకుని కూర్చుంటుంది. పీహెచ్ 5.5 దాటితే, అంటే కడుపు దాటి చిన్నపేగులోకి వస్తే, విచ్చుకుని కరుగుతుంది. మందుల ప్రమాణాల పుస్తకమైన ఇండియన్ ఫార్మకోపియా పెట్టే పరీక్ష కూడా దాదాపు ఇదే వరస. ఇలా పేగులోనే కరిగే తొడుగున్న (ఎంటెరిక్ కోటింగ్) బిళ్ళ పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో రెండు గంటలు చెక్కుచెదరకుండా ఉండాలి. ఆ తర్వాత పీహెచ్ 6.8 ద్రావణంలో గంటలోపు విడిపోవాలి. ఈ సంగతి తెలిసినవాళ్ళెవరూ బిళ్ళను నమలరు, పిల్లలకు సగం చేసి పెట్టరు, ముసలివాళ్ళ కోసం దంచి తేనెలో కలపరు. దంచితే ఆ రెండు పొరల కష్టమూ ఒక్క దెబ్బతో నేలపాలు.

ఇక్కడితో అయిపోలేదు. చిన్నపేగులో కరిగిన మందు రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి, మళ్ళీ కడుపు గోడకే చేరుతుంది. ఈసారి దొడ్డిదోవన. కడుపు గోడలో యాసిడ్ ఊరించే కణాలుంటాయి. వాటిలో సన్నటి కాలువలుంటాయి. ఆ కాలువల్లో యాసిడ్ గాఢంగా ఉంటుంది. మందు అక్కడికి చేరి ఆగిపోతుంది, పోగవుతుంది. ఇందాక ఏ యాసిడ్ నుంచి తప్పించుకోవడానికి రెండు పొరలు వేసుకుందో, ఆ యాసిడ్ తగలగానే ఇక్కడ రూపం మార్చుకుని అసలు మందుగా లేస్తుంది. లేచి, యాసిడ్‌ను బయటికి తోసే ప్రోటాన్ పంపుకు రసాయన బంధంతో అతుక్కుపోతుంది. అది ఇక ఊడదు. రక్తంలో మందు గంట, రెండు గంటల్లోనే తగ్గిపోయినా రోజంతా మంట రాకపోవడానికి కారణం అదే. పని మళ్ళీ మొదలవ్వాలంటే కణం కొత్త పంపులు తయారుచేసుకోవాలి.

అయితే ఒక షరతుంది. ఈ మందు నడుస్తున్న పంపులనే పట్టగలదు. ఆగి ఉన్న బోరు మోటారును కట్టేయలేం, తిరుగుతున్నదాన్నే ఆపగలం కదా, అదే తీరు. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులో చాలా పంపులు విశ్రాంతిగా ఉంటాయి. తిండి పడగానే ఒక్కసారిగా మేలుకుంటాయి. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. తినడానికి అరగంట నుంచి గంట ముందు అని డాక్టర్లు చెప్పే మాట వెనక ఉన్న లెక్క ఇది. మనవాళ్ళు సగంమంది "పరగడుపున" అన్న మాటను పట్టుకుని ఐదింటికి బిళ్ళ వేసుకుంటారు, పొలం వెళ్ళి వచ్చి పదకొండింటికి అన్నం తింటారు. మిగతా సగం మంట పుట్టాక, అన్నం తిన్నాక వేసుకుంటారు. రెండు తీర్లలోనూ మందు పంపులకు ఎదురుపడదు. మొదటిరోజే మంట పోలేదని రెండోరోజు రెండు బిళ్ళలు మింగేవాళ్ళూ ఉన్నారు. మూడు నుంచి ఐదు రోజులకు గానీ దీని పూర్తి బలం తెలియదు.

పనితనం చూడాల్సింది ఇక్కడిదాకానే అయితే వ్యాసం ఇక్కడే ఆపొచ్చు. కానీ కడుపులో యాసిడ్ ఊరికే లేదు. అది మూసినప్పుడు దాంతోపాటు మూతపడే పనులేమిటో మొట్టమొదట కూపీ లాగిన పనితనం ఇంకో రకంది. దానికి ముతకదనం ఎక్కువ, ధైర్యం ఇంకా ఎక్కువ.

1920ల్లో బోస్టన్ సిటీ ఆస్పత్రిలో విలియం కాజిల్ అనే కుర్ర డాక్టరుండేవాడు. అప్పట్లో పెర్నీషియస్ అనీమియా అంటే ప్రాణం తీసే రక్తహీనత. కార్జం తినిపిస్తే ఈ రోగులు కోలుకుంటారని 1926లో మైనట్, మర్ఫీ అనే డాక్టర్లు చూపించారు. ఆ రోగుల కడుపులో యాసిడ్ ఊరదన్నది అప్పటికే తెలుసు. మంచి కడుపు ఈ రోగుల కడుపు చేయలేని పని ఏం చేస్తోందని కాజిల్ అడిగాడు. జవాబు కోసం తన కడుపునే వాడుకున్నాడు. సగం కాలిన గొడ్డుమాంసపు కైమా 300 గ్రాములు తిని, గంట ఆగి, గొంతులో వేలు పెట్టుకుని కక్కి, దాన్ని వెచ్చగా ఉంచి, వడకట్టి, గొట్టం ద్వారా రోగులకు పట్టాడు. అది ఏమిటో రోగులకు చెప్పలేదట. రోజూ అలా పట్టగా పట్టగా వాళ్ళ రక్తంలో కొత్త కణాలు పుట్టాయి. వట్టి మాంసం పెడితే పుట్టలేదు. వట్టి కడుపు రసం ఇచ్చినా పుట్టలేదు. రెండూ కలిస్తేనే పని జరిగింది. మాంసంలో ఉన్నది తర్వాత బీ12 అయింది. కడుపులో ఊరింది 'ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్' అయింది. యాసిడ్ ఊరించే కణాలే దాన్నీ ఊరిస్తాయి.

అదే బోస్టన్‌లో, అవే ఏళ్ళలో, హార్వర్డ్ మెడికల్ స్కూల్ ప్రయోగశాలలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అచ్చయిన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వెయ్యిచోట్ల వాడుకలోకి వచ్చింది. రక్తహీనతకు కార్జం రసంలో ఏముందో వెతికే పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి చూపించింది. స్ప్రూ అనే గ్రహణి రోగం ఆయన అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది, ఆయన్నీ పీడించింది. ఆ స్ప్రూకు ఫోలిక్ యాసిడ్ మందైంది. కడుపుకూ విటమిన్‌కూ ఉన్న చుట్టరికం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదని చెప్పడానికే ఇదంతా.

బీ12 చేతికి చిక్కింది 1948లో. స్ఫటికాలు కెంపు రంగులో ఉన్నాయి. మన ఊళ్ళలో 'ఎర్ర సూది' అనే ఇంజెక్షన్‌కు ఆ రంగు కలిపిన రంగు కాదు, బీ12 సొంత రంగు. అణువు నట్టనడుమ కోబాల్ట్ అనే ఖనిజం ఒక్క పరమాణువు కూర్చుని ఉంటుంది. విటమిన్, ఖనిజం అని రెండు డబ్బాలుగా చెప్పుకుంటాం గానీ, ఇందులో ఒకదాని గుండెలో ఇంకొకటి ఉంది. డొరతీ హాడ్కిన్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రేలతో ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1956లో దాని పూర్తి ఆకారం తేల్చింది. 1964లో ఆమెకు నోబెల్ వచ్చింది.

తిండిలో బీ12 ఉత్తగా ఉండదు, ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి యాసిడ్, పెప్సిన్ అనే ఎంజైము కావాలి. విడిపోయాక దాన్ని ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ పట్టుకుని చిన్నపేగు చివరిదాకా మోసుకుపోతుంది. పరగడుపు బిళ్ళ మొదటి మెట్టు దగ్గరే పనిని మందగింపజేస్తుంది. ఒంట్లో బీ12 నిల్వ కొన్నేళ్ళకు సరిపడా ఉంటుంది కాబట్టి నెలల్లో ఏమీ తెలియదు. అమెరికాలో కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థ రోగుల రికార్డులు తిరగేసి 2013లో అచ్చేసిన పరిశీలనలో, రెండేళ్ళు లేదా అంతకు మించి ఈ జాతి మందులు వాడినవాళ్ళలో బీ12 లోటు కనపడే అవకాశం వాడనివాళ్ళకంటే దాదాపు 65 శాతం ఎక్కువని తేలింది. షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళకు ఆ మందు వల్ల కూడా బీ12 తగ్గుతుంది. పొద్దున గ్యాస్ బిళ్ళ, మధ్యాహ్నం షుగర్ బిళ్ళ, నీచు ముట్టని ఇల్లు, పాలు పెరుగూ అంతంతమాత్రం. ఈ నాలుగూ కలిసిన అరవై ఏళ్ళవాళ్ళు మన వీధికొకరు ఉంటారు. అరికాళ్ళ తిమ్మిర్లు షుగరు వల్లే అనుకుని ఊరుకునేది వీళ్ళే.

ఇనుము కథా అంతే. ఆకుకూరల్లో, జొన్నల్లో ఉండే ఇనుము కరగడానికి యాసిడ్ కావాలి. ఒంట్లో ఇనుము ఎక్కువై తరచూ రక్తం తీయించుకోవాల్సిన ఒక పుట్టుజబ్బు ఉంది. ఆ రోగులు ఈ బిళ్ళలు వాడుతుంటే రక్తం తక్కువసార్లు తీస్తే సరిపోతోందని ఇంగ్లండ్ డాక్టర్లు 2007లో గమనించారు. ఇనుము ఒంట పట్టడం ఎంత తగ్గుతుందో ఇంతకంటే తేటగా చూపే సాక్ష్యం ఉండదు. పలకల ఊరు కాబట్టి ఒక మాట: బడి పిల్లలైనా, కడుపుతో ఉన్న ఆడవాళ్ళైనా బలపం కొరికి తినే అలవాటులో పడ్డారంటే చీవాట్లు పెట్టడం మాని రక్తపరీక్ష చేయించండి. మట్టీ బలపం మీదికి మనసు లాగడం ఇనుము లోటుకు పాత గుర్తు.

మెగ్నీషియం లోటు అరుదు గానీ వస్తే గట్టిది. ఎక్కువకాలం, చాలామందిలో ఏడాదికి పైగా, వాడినవాళ్ళలో మెగ్నీషియం పడిపోయి పిక్కలు పట్టేయడం, వణుకు, గుండె దడ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది. ఆ కేసుల్లో నాలుగో వంతుమందికి మెగ్నీషియం బిళ్ళలు ఇచ్చినా లాభం లేకపోయింది, అసలు మందు ఆపితే గానీ కుదుటపడలేదు. పక్కబిళ్ళ అన్నిటికీ జవాబు కాదనడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇక ఎముకలు. ఈ బిళ్ళలు ఎక్కువకాలం వాడినవాళ్ళలో తుంటి విరుగుళ్ళు ఎక్కువని 2006 నుంచి పరిశీలనలు వస్తున్నాయి. కానీ 17 వేల పైచిలుకు మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పాంటోప్రజోల్, ఇంకో జట్టుకు ఉత్తుత్తి బిళ్ళ మూడేళ్ళు ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం 2019లో అచ్చయింది. అందులో విరుగుళ్ళలో తేడా కనపడలేదు. పేగు ఇన్‌ఫెక్షన్లు మాత్రం కాస్త ఎక్కువయ్యాయి. కాబట్టి ఈ బిళ్ళ వేసుకుంటే ఎముకలు గుల్లవుతాయని భయపెట్టే వీడియోలను నమ్మి మందు ఆపేయకండి.

అయితే పడమటి ప్రకాశం ఎముకల సంగతి వేరు. 1937లో షార్ట్ అనే డాక్టరు బృందం మద్రాసు రాష్ట్రంలో, నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి తొలిసారి వివరంగా రాసింది నాటి నెల్లూరు జిల్లా పల్లెలు చూసే. కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా ఆ జిల్లాలోవే. మనుషులకంటే ముందు ఎద్దుల కాళ్ళు బిగుసుకుపోవడం చూసి రైతులే మొదట పసిగట్టారని చెబుతారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడ అంతకు మించి ఉన్న బోర్లు కొల్లలు. ఆ ఫ్లోరైడ్ కడుపులోని యాసిడ్‌తో కలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. అది కడుపు లోపలి పొరను ఒరుస్తుంది. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళ కడుపు బాధలను ఎండోస్కోపీ పెట్టి పరిశీలించిన ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకురాలు ఎ.కె. సుశీల, నీళ్ళు మారిస్తే ఆ బాధ తగ్గుతుందని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. అంటే ఇక్కడ కొందరి 'గ్యాస్' బావిలోంచే వస్తోంది. దాని మీద ఇంకో గొలుసుంది. ఫ్లోరైడ్ వల్ల కీళ్ళ నొప్పులు, కీళ్ళ నొప్పులకు నొప్పుల బిళ్ళలు, నొప్పుల బిళ్ళలకు కడుపులో పుండు, పుండుకు పరగడుపు బిళ్ళ, దాని పక్కన క్యాల్షియం బిళ్ళ. అంత పనితనమున్న బిళ్ళను ఈ గొలుసు చివరన తగిలించి పని అయిపోయిందనుకుంటున్నాం. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా కృష్ణా నీళ్ళు ఇంటి కుళాయిదాకా రావడం కూడా ఈ ప్రాంతంలో కడుపుమంట వైద్యంలో భాగమేనని నా అభిప్రాయం.

సరే, క్యాల్షియం బిళ్ళ చేతికి వచ్చింది. అట్టపెట్టె తిప్పి చదవండి. చాలావాటి మీద క్యాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు, అంటే అసలు క్యాల్షియం 500 అని ఉంటుంది. కార్బొనేట్ అంటే సున్నపురాయే. అది కరగడానికి యాసిడ్ కావాలి. పొద్దున యాసిడ్ మూసే బిళ్ళ, దాని వెంటనే ఖాళీ కడుపున యాసిడ్ లేనిదే కరగని బిళ్ళ! ఈ జత కుదిర్చినవాళ్ళకు మొదటి బిళ్ళ పనితనం తెలియదన్నమాట. కడుపులో యాసిడ్ ఊరనివాళ్ళ మీద 1985లో చేసిన ప్రయోగంలో, కార్బొనేట్‌ను ఖాళీ కడుపున ఇస్తే సరిగ్గా ఒంటబట్టలేదు, అన్నంతో కలిపి ఇస్తే మామూలుగానే ఒంటబట్టింది. అందుకని కార్బొనేటే కొన్నారనుకోండి, అన్నం మధ్యలో వేసుకోండి. లేదా క్యాల్షియం సిట్రేట్ అడగండి, దానికి యాసిడ్‌తో పనిలేదు. అయితే అందులో అసలు క్యాల్షియం ఐదో వంతే, కాబట్టి బిళ్ళలు ఎక్కువ పడతాయి, ఖరీదూ ఎక్కువే. ఫ్లోరైడ్ ఊళ్ళలో అన్నంతో పాటు వేసుకునే క్యాల్షియానికి ఇంకో లాభం కూడా ఉంది, పేగులోనే ఫ్లోరైడ్‌ను కొంత పట్టేస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడక్కుండా క్యాల్షియం గానీ మెగ్నీషియం గానీ ముట్టకూడదు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా క్యాల్షియం ఉంటుంది. పూటకో ముద్ద సంగటి, గ్లాసెడు మజ్జిగ, ఇంత నువ్వులపొడి దొరికే ఇంట్లో బిళ్ళ అవసరం ఎంతో లెక్క వేసుకుని మరీ కొనండి.

బీ12 బిళ్ళ పనితనం మాత్రం మెచ్చుకోవాలి. అందులో విటమిన్ ప్రోటీన్‌కు అతుక్కుని ఉండదు, విడిగా ఉంటుంది. కాబట్టి మూతపడిన మొదటి మెట్టుతో దానికి పని లేదు. 1000 మైక్రోగ్రాముల బిళ్ళలో ఒక శాతం దాకా ఏ మోతగాడూ లేకుండానే పేగు గోడ దాటిపోతుంది. ఒక శాతమంటే పది మైక్రోగ్రాములు, రోజు అవసరానికి మించే. నరాల బాధ ముదరనివాళ్ళకు చాలాసార్లు బిళ్ళే సరిపోతుంది. కానీ మన ఆర్‌ఎంపీల దగ్గర ఎర్ర సూదికి ఉన్న పరపతి బిళ్ళకు లేదు, సూది పొడిస్తేనే బలం.

ఇనుము బిళ్ళ ఎసిడిటీ మనిషికి పెద్ద పరీక్ష. అదే కడుపును మండిస్తుంది. జ్యూరిక్ పరిశోధకులు 2017లో చూపించినట్టు, రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో బిళ్ళలోంచి ఒంటబట్టేది ఎక్కువ, మంటా కొంత తగ్గొచ్చు. టీతో వేసుకోవద్దు, క్యాల్షియంతో కలిపి అసలే వద్దు. ఏ బిళ్ళయినా గుక్కెడు నీళ్ళతో మింగి వెంటనే పడుకోవడం రిఫ్లక్స్, అంటే కడుపులోని పులుపు పైకి ఎగదన్నే బాధ, ఉన్నవాళ్ళకు ప్రమాదం. అన్నవాహికలో అడ్డం తిరిగి అక్కడే కరిగితే పుండు పడుతుంది. కూర్చుని, గ్లాసెడు నీళ్ళతో మింగాలి. పుల్లటి విటమిన్ సీ చప్పరింపు బిళ్ళలు రాత్రిపూట మానేయండి.

ఇంతా చేసి, పక్కబిళ్ళల వల్ల బతుకు ఎంత మెరుగవుతుంది? రిఫ్లక్స్ రోగుల బతుకు తీరును కొలవడానికి వెలనోవిచ్ అనే సర్జన్ 1996లో ఒక ప్రశ్నల పట్టీ తయారుచేశాడు. ఒక్క కాగితం మీద పట్టే పనితనం. పడుకుంటే మంట వస్తుందా, నిలబడితే వస్తుందా, తిన్నాక వస్తుందా, మంట వల్ల తిండి మార్చుకున్నావా, నిద్ర చెడుతోందా, మింగడం కష్టమా, రోజూ మందు వేసుకోవడమే బరువుగా ఉందా... ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. ఆ పట్టీ ముందు పెట్టుకుని చూడండి. బీ12, క్యాల్షియం, ఇనుము ఆ ప్రశ్నల్లో ఒక్కదాన్నీ తిన్నగా మార్చవు. మంటను తగ్గించేవి వేరే ఉన్నాయి: బరువు తగ్గడం, రాత్రి అన్నానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఎడం, మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు, ఎడమవైపు తిరిగి పడుకోవడం, పొగాకు మానడం. లోటు నిజంగా ఉన్నవాళ్ళలో మాత్రం పక్కబిళ్ళ పట్టీలో లేని వాటిని మారుస్తుంది. ఆయాసం, నీరసం, తిమ్మిర్లు తగ్గుతాయి. మనవాళ్ళు అవి కూడా గ్యాస్ వల్లే అనుకుని ఇంకో గ్యాస్ బిళ్ళ వేసుకుంటారు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సలహా కూడా ఇదే దారిలో ఉంది: ఎక్కువకాలం ఈ మందు వాడుతున్నంత మాత్రాన క్యాల్షియం, బీ12, మెగ్నీషియం రోజువారీ అవసరానికి మించి ఎక్కించుకోనక్కర్లేదు.

పక్కన 'డి' అక్షరం ఉన్న గ్యాస్ మందులు మన దగ్గర బాగా నడుస్తాయి. ఆ 'డి' విటమిన్ డి కాదు, డాంపెరిడోన్. వాంతులకు ఇచ్చే మందు. గుండె లయ మీద దాని ప్రభావం చూసి యూరప్‌లో 2014లో మామూలుగా వారం రోజులకు మించి వాడొద్దన్నారు. విటమిన్ కూడా కలిసే ఉందిలే అనుకుని ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళు ఒక్కసారి షీటు వెనక చదవాలి.

ఇదంతా చదివి రేపటి నుంచి బిళ్ళ మానేస్తాననే పాఠకులు ఉంటారు. తొందరపడకండి. కోపెన్‌హేగెన్‌లో జరిగి 2009లో అచ్చయిన ప్రయోగంలో, ఏ రోగమూ లేని 120 మందిలో సగంమందికి ఎనిమిది వారాలు ఈ జాతి మందు ఇచ్చి ఆపితే, వాళ్ళలో 44 శాతం మందికి కొత్తగా మంట, పులితేన్పులు మొదలయ్యాయి. ఉత్తుత్తి బిళ్ళ జట్టులో 15 శాతమే. అణిచిపెట్టిన పంపులు, మందు ఆపగానే ఎగిసిపడతాయి. ఆ మంట చూసి "చూశారా, బిళ్ళ లేకపోతే బతకలేను" అనుకోవడం సహజం. డాక్టరు సలహాతో మోతాదు సగం చేసి, తర్వాత రోజు విడిచి రోజుకు తెచ్చి, మెల్లగా మానుకోవచ్చు. గుండెకు ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు, నొప్పుల బిళ్ళలు తప్పనివాళ్ళు, పుండు పడి రక్తం పోయినవాళ్ళు, అన్నవాహిక బాగా ఒరుసుకుపోయినవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకూడదు. వాళ్ళకు ఆ బిళ్ళ కాపలా. మింగడం కష్టమైనా, ఒళ్ళు తగ్గిపోతున్నా, నల్లటి విరేచనమైనా బిళ్ళతో సరిపెట్టకుండా ఎండోస్కోపీకి వెళ్ళాలి.

ఈసారి మార్కాపురంలోనో గిద్దలూరులోనో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, గ్యాస్ బిళ్ళ ఏ సంవత్సరం మొదలుపెట్టారో చెప్పండి. షుగర్ బిళ్ళ, నొప్పుల బిళ్ళ వాడుతుంటే అవీ చెప్పండి. తాగేది బోరు నీళ్ళో, కుళాయి నీళ్ళో, క్యాన్ నీళ్ళో చెప్పండి. రెండేళ్ళు దాటి ఉంటే బీ12, హిమోగ్లోబిన్ చూడాలా, మెగ్నీషియం చూడాలా అని మీరే అడగండి. లోటు ఉంటే బిళ్ళ రాయించుకోండి. లేకపోతే ఆ డబ్బు రాగులకూ పాలకూ పెట్టండి.